మంచినీళ్లకు ముందే చెప్పే మాట

ఈ రోజు నేనొక మంచి కబురును పొద్దున్నించి సాయంత్రం దాకా నాలోనే దాచుకుని తిరిగాను. అదే నేను చేసిన తప్పు.

ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చేసరికి నేనింకా స్నానం కూడా చేయలేదు. పోయిన ఆదివారం మా చెల్లెలి కూతుర్ని చూసి వెళ్లిన పిల్లవాడి తండ్రి. "మా ఇంట్లో అందరికీ నచ్చిందప్పా. మావాడయితే తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే సరే అన్న్యాడు. మీరూ సరే అంటే తాంబూలాలకు రోజు చూసుకుందాం" అన్నాడు. అలాంటి మాట విన్న మేనమామ ఎవరైనా వెంటనే చెల్లెలికి చెప్తాడు. నంద్యాలలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక వీధే అడ్డం. చెప్పులు వేసుకుని వెళ్లి చెప్పి రావచ్చు.

నేను ఆ పని చేయలేదు. సాయంత్రం ఎలాగూ వాళ్లింటికి భోజనానికి వెళ్తాను. లడ్ల పెట్టె వీపు వెనక దాచుకుని, ముందు మొహం వేలాడేసి, "ఏం చేస్తాం, మన చేతుల్లో ఏముంది" అని మొదలుపెట్టి, అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగే సమయానికి పెట్టె ముందుకు తీయాలనుకున్నాను. తీరిక దొరికినప్పుడు కథలు రాసే అలవాటు నాది. ఇంట్లోవాళ్లను కూడా నా పాత్రలే అనుకోవడం ఆ అలవాటుతో వచ్చిన జబ్బు.

మధ్యాహ్నం చెల్లెలే ఫోన్ చేసింది. "అన్నా, ఏమన్నా చెప్పినారా వాళ్లు?"

"ఇంగా ఏం లేదు మ్మే. సాయంత్రం వస్తా గదా, కూర్చొని మాట్లాడుకుందాం" అన్నాను, గొంతు కాస్త బరువుగా పెట్టి.

ఆ పక్కన అమ్మాయి కూర్చుని వింటోందని నాకు తెలియదు. అంతకుముందు ఇద్దరు చూసిపోయి, "చెప్తాం" అని, మళ్లీ పలకలేదు. ఒకరైతే ఫోన్ చేస్తే కట్ చేసేవాళ్లు. మందుల షాపులో పని చేసుకుంటూ, వచ్చిపోయేవాళ్లకు నవ్వుతూ మాత్రలిచ్చే పిల్ల, ఆ రోజుల్లో ఇంట్లో మాట్లాడటం మానేసింది. ఈసారి పిల్లవాడు తనకూ నచ్చాడు. నా గొంతులో బరువు వినగానే వాళ్లు వద్దన్నారని అనుకుంది. మామ ఆ మాట మెత్తగా చెప్పడానికి సాయంత్రం వస్తున్నాడని అనుకుంది. ఇంకోసారి వద్దనిపించుకోవడం ఇష్టం లేక, చూపులనాడు పిల్లవాడు ఇచ్చిన నంబరుకు తనే మెసేజ్ పెట్టింది, ఈ సంబంధం మాకొద్దు, ఇంక ఫోన్ చేయకండి అని.

నేను లడ్లతో వెళ్లి "ఏం చేస్తాం" అని మొదలుపెట్టగానే, "చాలు లే మామా. నేనే వద్దని చెప్పేసినా" అంది.

పెట్టె నా వీపు వెనకే ఉండిపోయింది. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చినవాడు సంబంధాలాయన.

ఆయన్ని ఈ చుట్టుపక్కల ఊళ్లలో అందరూ అలాగే అనేవాళ్లు. పెళ్లి సంబంధాలు కుదర్చడం ఆయన పని. పోయినేడు చనిపోయాడు. ఉండుంటే పొద్దున ఫోన్ ఆయనకే వచ్చేది, నాకు ఈ వేషాలు వేసే వీలే ఉండేది కాదు.

ఒక ఇంటి జవాబు తీసుకుని ఇంకో ఇంటికి వచ్చినప్పుడు ఆయన గడప బయటే ఆగేవాడు. చెప్పులు విప్పేవాడు కాదు. "కుదర్లేదు మ్మా. మంచినీళ్లియ్యి" అనేవాడు. లేకపోతే "కుదిరింది మ్మా. మంచినీళ్లియ్యి" అనేవాడు. రెండింటికీ గొంతు ఒకటే, ముఖం ఒకటే. ఆ తర్వాతే నీళ్లు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కోవెలకుంట్ల బస్సు దిగి నాలుక పిడచగట్టుకుపోయి వచ్చినా అంతే. మొదటిసారి చూసినప్పుడు ఇంత మొరటు మనిషికి సంబంధాలు ఎవరు చెప్తారా అనుకున్నాను. తర్వాత ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నీళ్లు తాగినాననుకో అప్పా, ఆ ఇంటి చల్లదనం గొంతులోకి దిగుతాది. ఇంగ చెడ్డమాట నోట్లోంచి రాదు. వాళ్ల మేనత్త ఊర్నించి రావాలంట, వాళ్ల పెద్దాయనకు ఒళ్లు బాగలేదంట అని నాన్చుతా. ఆ నాన్చుడు పట్టుకుని ఆ పిల్ల నెల్లాళ్లు వాకిలి దిక్కు చూస్తా కూర్చుంటాది. నాకెందుకా పాపం?"

"మంచిమాట అయితే నీళ్లు తాగి నిదానంగా చెప్పొచ్చు గదా అన్నా?"

"మంచిదానికి ఒక తీరు, చెడ్డదానికి ఒక తీరు పెట్టుకుంటే, నేను నీళ్లడిగేది చూసే కనిపెట్టేస్తారు. పోలీసోళ్లకంటే తెలివి గల్లోళ్లు ఆడపిల్లల తల్లులు."

కుదిరిందని చెప్పిన ఇంట్లో ఆయన ఎక్కువసేపు ఉండేవాడు కాదు. వాళ్లు ఎంత బతిమాలినా కాఫీ తాగి లేచేవాడు. కుదరలేదని చెప్పిన ఇంట్లో మాత్రం అడిగి మరీ అన్నం తినేవాడు. ఒకసారి పాణ్యంలో ఒకరింటికి నేనూ ఆయనతో వెళ్లాను. గడప బయటే కుదరలేదన్నాడు. ఇంట్లో అందరూ తలలు దించుకున్నారు. ఆయన తిన్నగా వెళ్లి పీట వేసుకుని కూర్చుని, "ఏం వండినారు?" అన్నాడు. "వంకాయ" అంది పిల్ల తల్లి. "అయితే పెట్టు. మ్మే పాపా, నువ్వు ఊరగాయ తీసుకరా" అని ఆ అమ్మాయినే పిలిచాడు. తింటూ తింటూ ఆ పిల్లవాడి గురించి మొదలుపెట్టాడు. వాడు నడిస్తే ముందు పొట్ట వస్తుందట, కాసేపయ్యాక మనిషి వస్తాడట. వాళ్లమ్మ ఇడ్లీలను కూడా పడుకునే ముందు లెక్కపెట్టుకుంటుందట. అవన్నీ నిజమో కాదో దేవుడికెరుక. ఊరగాయ గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయికి నవ్వాగలేదు.

బయటికొచ్చాక, "వద్దన్న ఇంట్లోనే తినాల అప్పా. మనం గూడా చెప్పేసి పోతే ఆ పిల్ల మొగం ఎవురు చూస్తారు?" అన్నాడు.

ఆయన ఫోన్ పెద్దది, అద్దం మూలన పగిలింది. అందులోనే ఫొటోలన్నీ ఉండేవి. ఎవరికైనా ఫొటో చూపించే ముందు భుజం మీది తువ్వాలతో ఆ అద్దం తుడిచేవాడు. చూపించాక మళ్లీ తుడిచేవాడు. మొదటిది దుమ్ముకు. రెండోది దేనికని అడిగితే, "ఈళ్ల చూపు తగిలింటాది గదా. ఇంగొకరికి చూపించేటప్పుడు పిల్ల కొత్తగా ఉండాల" అన్నాడు.

ఆళ్లగడ్డలో ఒక విత్తనాల దుకాణంలో నాకు పని. రోజూ పొద్దున నంద్యాలలో బస్సెక్కి వెళ్తాను. దారిలో ఫోన్‌లో ఒక నవల రాసుకుంటూ వచ్చాను. మాయలూ మంత్రాలూ ఉన్న కథ. గాలితో కట్టిన కోటలో ఒక యువరాణి ఉంటుంది. కోట కింద నదిలో పడవ నడిపేవాడొకడు ఉంటాడు. తెల్లవారితే చాలు, నిన్న చూసిన ముఖాలన్నీ మర్చిపోయే శాపం వాడిది. యువరాణి రోజూ వాడికి కొత్త మనిషే. వాళ్లిద్దరూ చివరికి ఒకటవుతారా లేదా అన్నది చివరి అధ్యాయం దాకా ఎవరికీ తెలియకూడదని నా పట్టుదల. చదివే ప్రతివాడూ ఆ ఒక్క ప్రశ్న కోసమే పేజీలు తిప్పాలి. నవలంటే అదేనని నా నమ్మకం.

సంబంధాలాయన కూడా తరచూ అదే బస్సెక్కి, డ్రైవర్ వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చునేవాడు. నేను ఫోన్‌లో ఏం కొట్టుకుంటున్నానో ఒకరోజు అడిగాడు. చదివి వినిపించాను. శిరివెళ్ల వచ్చేదాకా కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"పొద్దున లేస్తానే పెండ్లాం మొగం మర్చిపోతాడా?" అన్నాడు కళ్లు తెరవకుండానే. "అట్లాంటోళ్లకు నందికొట్కూరులో నేనే ముగ్గురికి పెండ్లి చేసినా. సరే, ఇద్దరికీ అయితాదా?"

"అది ఇప్పుడే చెప్తే ఎట్లన్నా? ఆఖర్న తెలుస్తాది."

కళ్లు తెరిచి నావైపు తిరిగాడు. "ఏందీ? ఆఖర్నా? అంతదాకా నేను ఎట్ల వినాల?"

"అందుకే వింటావు."

"నేను వినను."

నిజంగానే వినలేదు. మర్నాడు నేను చదవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు సంగతి తేల్చు. రాకాసి నోట్లో పెట్టు, సముద్రంలో ముంచు, నేనేమీ అనను. ఇద్దరూ ఒకటైతారని చెప్పి ముంచు. ఒకటి కారు అంటే కారని చెప్పు, ఏడుస్తా వింటా. చెప్పకుండా ముంచితే మాత్రం నేను శిరివెళ్లలో దిగిపోతా."

"చెప్పేస్తే ఇంగెవరు చదువుతారన్నా?"

"లగ్నపత్రికలో పిల్లోని పేరు, పిల్ల పేరు ముందే అచ్చేస్తాం గదా. పెండ్లికి జనం రాకుండా ఉండారా?"

వెనక సీట్లో ఉన్న ఒకావిడ పకపకా నవ్వింది. నాకు కోపం వచ్చింది. పత్రిక వేరు, నవల వేరని చాలాసేపు వాదించాను. ఆయన తువ్వాలతో కిటికీ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

కొన్ని వారాల తర్వాత, వాన పడుతున్న ఒక పొద్దున, బస్సు దారిలో ఆగిపోయింది. ముందు ఎక్కడో లారీ అడ్డం పడిందట. ఎంతసేపని కూర్చుంటాం. నాకే విసుగొచ్చి, "కలుస్తారు లేన్నా. ఆఖర్న ఇద్దరూ ఒకటైతారు" అనేశాను.

ఆయన ముఖం చూడాల్సింది. పక్కనున్నవాడికి సంబంధం కుదిరినట్టు వెలిగిపోయింది. కాళ్లు ముడుచుకుని సీట్లో సర్దుకుని, "ఇప్పుడు చెప్పు" అన్నాడు. నేను మొదటినుంచి చదివాను. ఈసారి ఆయన కళ్లు మూసుకోలేదు. మధ్యమధ్యలో ఆపాడు.

"ఆ పడవోనికి తల్లి ఉందా?"

నేను ఆలోచించలేదన్నాను.

"ఉండాల గదా. రోజూ పొద్దున ఆమె మొగం గూడా మర్చిపోతాడు గదా వాడు. ఆమె ఎట్ల ఓర్చుకుంటాంది?"

నేను మళ్లీ చదవబోతే ఆపాడు.

"గాలికోటలో అన్నం యాడ వండుతారు? పొయ్యి నిలబడతాదా ఆడ? ఆ పిల్ల ఏం తింటాది? వాడు మర్చిపోయినాడని ఏడుస్తాదా, లేకుంటే రోజూ కొత్తగా చూస్తాండాడని లోపల్లోపల సంబరమా?"

వాటిలో ఒక్కటీ నాకు తెలియదు. వాళ్లు కలిసేదీ లేనిదీ దాచిపెట్టడంలోనే నా తెలివంతా ఖర్చయిపోయింది. ఆ ఇద్దరూ ఎలాంటి మనుషులో నేనే చూడలేదు. ఎప్పుడు చూసినా దాచిపెట్టినదానికి కాపలా కాస్తూనే ఉన్నాను.

నా ముఖం చూసి ఆయన మెత్తబడ్డాడు. "నా పనిలో చూస్తాంటా అప్పా. జవాబు రానంతసేపు పిల్లోని గురించి ఏమీ అడగరు. అవునా, కాదా అనే ఒక్కటే. కుదిరిందని చెప్పినాక అప్పుడు మొదలైతాది. పిల్లోనికి కారం ఎక్కువనా, తక్కువనా? రాత్రి లైటేసుకుని పండుకుంటాడా, ఆర్పేస్తాడా? అప్పుడు గదా మనిషిని చూసేది."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొదటి అధ్యాయం చెరిపేశాను. కొత్త అధ్యాయంలో, చేపలు అమ్మే ఒక ముసలావిడ యువరాణిని చూడగానే, "ఈ పిల్ల ఆ మతిమరుపోణ్ణే చేసుకుంటాది" అనేస్తుంది. అంతకుముందెప్పుడూ నాకు రాయడం అంత సులువుగా లేదు. పడవవాడి తల్లి కథలోకి వచ్చింది. రోజూ పొద్దున కొడుకు తనను "ఎవరమ్మా నువ్వు" అని అడిగితే, ఆమె రోజుకొక పేరు చెప్పి నవ్వుకుంటుంది. ఆ భాగం విన్నరోజు సంబంధాలాయన దిగాల్సిన చోట దిగడం మర్చిపోయి, పక్క స్టాపులో దిగి వెనక్కి నడిచాడు.

ఆయన పోయాడని నాకు చెప్పింది బస్సు కండక్టర్. టికెట్ ఇస్తూ, "సంబంధాలాయన రాత్రి పోయినాడంటప్పా, నిద్రలోనే" అన్నాడు. ఆ కిటికీ పక్క సీట్లో ఆ రోజు నేను కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ ఇడ్లీలు లెక్కపెట్టుకునే ఆవిడ గుర్తొచ్చింది.

ఇంత విన్నవాణ్ని, ఇంత చూసినవాణ్ని, ఆయన మాట మీద నవలనే తిరగరాసుకున్నవాణ్ని. కథలో తప్ప ఎక్కడా లేని ఇద్దరికి ఇచ్చిన మర్యాద నా చెల్లెలి కూతురికి ఇవ్వలేకపోయాను.

వీపు వెనకున్న పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. "పొద్దున్నే సరే అన్న్యారు పాపా. వాళ్ల నాయన ఫోన్ చేసినాడు. నేనే చెప్పలేదు" అన్నాను.

చెల్లెలి చేతిలో గరిట అలాగే ఉంది. "ఎందుకు చెప్పలేదు?"

"సాయంత్రం అందరి ముందర చెప్దామని."

"ఎందుకు?"

అమ్మాయి నావైపు చూసింది. కోపం ఉంటే బాగుండేది. "నాతో ఆడుకున్న్యావా మామా?" అంది మెల్లగా. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

"పో" అంది చెల్లెలు. "ఈడ నిలబడి ఏం చేస్తావ్? ఆళ్లగడ్డకు పో. పోయి చెప్పు."

వెళ్లాను. పిల్లవాడి వాళ్లది రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. ఇంటి పక్కనే షెడ్డు. ఆదివారం కాబట్టి ఉలి చప్పుడు లేదు. నేను వెళ్లేసరికి పిల్లవాడి తల్లి వాకిట్లో నిలబడి ఉంది. నన్ను రమ్మనలేదు.

"పొద్దున మేము సరే అంటిమి. మధ్యాహ్నం మీ పిల్ల వద్దనె. ఏందప్పా ఇది? మావాడు అన్నం గూడా తినలేదు."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోన్ వచ్చినట్టు, నేను దాచినట్టు, నా గొంతు విని అమ్మాయి ఏమనుకుందో, ఎందుకు అలా రాసిందో. చెప్తుంటే నాకే నమ్మశక్యంగా లేదు, ఇంత పనికిమాలిన కారణానికి ఇంత జరిగిందని. పిల్లవాడి తండ్రి తల గోక్కున్నాడు. మంచం మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్న అవ్వ మాత్రం, "నువ్వు కథలు రాస్తావంట గదప్పా?" అంది.

"రాస్తానవ్వా."

"అదే మరి" అంది.

పిల్లవాడు షెడ్డులోంచి వచ్చాడు. చేతులకు తెల్లగా రాతిపొడి. "సార్, మీరు చెప్పింది సరే. ఆమెకు ఇష్టమో కాదో మీ నోటినించి నాకొద్దు. ఆమె నోటినించి వింటే చాలు" అన్నాడు. నావైపు చూడలేదు.

అమ్మాయికి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఇప్పుడేం దాచిపెట్టినావు మామా?" అంది.

"ఏం లేదు పాపా. నాకేం చెప్పొద్దు. పిల్లోనికి ఇస్తాండా" అని ఫోన్ అతని చేతికిచ్చాను. అతను విగ్రహాల మధ్యలోంచి నడుచుకుంటూ షెడ్డు అవతలికి వెళ్లాడు. కనిపించలేదు, వినిపించలేదు.

అవ్వ చాటలో కొన్ని కాయలు నావైపు తోసింది. ఒలుస్తూ కూర్చున్నాను. తల్లి లోపలికి వెళ్లలేదు, కూర్చోలేదు. తండ్రి గేటు దాకా వెళ్లి వస్తున్నాడు. ఒకటి రెండు కాయలు పొట్టుతో సహా గింజల్లో వేశాను. అవ్వ చూసి ఏరి పారేసింది.

"ఇప్పుడేమైతాది, చెప్పు" అంది నావైపు వంగి. "కథలు రాస్తావు గదా."

"తెలీదవ్వా" అన్నాను. అప్పటికి ఆ ఒక్క మాటా నిజం.

ఎంతసేపటికో పిల్లవాడు వచ్చాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, "చార్జింగ్ అయిపోతాంది మామా. ఆమె నా ఫోనుకు చేస్తాదంట" అని మళ్లీ షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఇందాక సార్ అన్నవాడు మామా అన్నాడు. తల్లి ఆ మాట విని లోపలికి వెళ్లింది. కాసేపటికి గిన్నెల చప్పుడు, టీ వాసన వచ్చాయి.

టీ తాగాక తండ్రితో అన్నాను. "అన్నా, ఇకమీదట ఏ మాటయినా నాకు చెప్పొద్దు. పిల్లకే చెప్పండి. అది మీతో నేరుగా మాట్లాడతాది." ఆయన ఫోన్‌లో నా నంబరు 'పెండ్లికూతురి ఇల్లు' అనే పేరు మీద ఉంది. మార్చడం ఆయనకు రాదు. ఫోన్ తీసుకుని నా నంబరు తీసేసి, ఆ పేరు కింద మా పాప నంబరు నేనే పెట్టి ఇచ్చాను.

నంద్యాల చేరేసరికి చెల్లెలి ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. లడ్ల పెట్టె తెరిచి ఉంది, సగం ఖాళీ. తాంబూలాల రోజు గురించి ఆళ్లగడ్డ నుంచి అప్పటికే ఫోన్ వచ్చిందట. నాకెవరూ చెప్పలేదు.

అమ్మాయి నాకు కంచం పెట్టి, అన్నం వడ్డించింది. "తాంబూలాలు ఏ పొద్దో తెలుసా మామా?"

"తెలీదు పాపా."

"అన్నం తిను. తిన్నాక చెప్తా."

తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు.